చెవిలో పాట, చేతిలో గుర్రం: సంగీతం వింటూ చెస్ ఆడే ఒక విద్యార్థి కేసు

విద్యార్థిని గుర్తుపట్టే వివరాలు, అంటే ఊరు, బడి, అసలు రేటింగ్, ఇక్కడ ఇవ్వడం లేదు. చెస్ ఆడేటప్పుడు ఏ సంగీతం పెట్టుకోవాలని తల్లిదండ్రులు అడిగితే కోచ్‌ల దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి: మాటల్లేని సంగీతం పెట్టండి, మొజార్ట్ పెట్టండి, అసలేమీ పెట్టకండి. నా దగ్గర చెస్ నేర్చుకునే ఈ అబ్బాయి విషయంలో మూడూ తప్పాయి. ఎందుకు తప్పాయో వివరంగా రాసిపెట్టడం మిగతా కోచ్‌లకు పనికొస్తుంది.

నేపథ్యం

పదో తరగతి. ఐదేళ్లుగా చెస్ ఆడుతున్నాడు. చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకుని ఆపేశాడు. చేరిన రోజు ఫారంలో ఈ సంగతి రాసి ఉన్నా, దాని విలువ నెలన్నర తర్వాత గానీ తెలియలేదు. ఓపెనింగ్స్, అంటే ఆట మొదటి ఎత్తులు, బాగా గుర్తుంటాయి. టాక్టిక్స్, అంటే కొద్ది ఎత్తుల్లో లాభం తెచ్చే పట్లు, చూడటంలో చురుకు. నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ ఆడతాడు. రోజూ రాత్రి ఆన్‌లైన్‌లో రెండు మూడు ర్యాపిడ్ గేములు, 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. ఆడేంతసేపూ చెవుల్లో ఇయర్‌ఫోన్స్, అందులో తెలుగు సినిమా పాటలు.

ఇల్లు చిన్నది. హాల్లో టీవీ, వంటింట్లో కుక్కర్, పక్క ఫ్లాట్‌లో గోడలు తొలిచే డ్రిల్లింగ్.

వచ్చిన సమస్య

మూడు నెలల్లో ఆన్‌లైన్ రేటింగ్ బాగా పడిపోయింది. క్లాసులో మాత్రం ఆట తగ్గలేదు. వాళ్ళమ్మగారి మాట ఒకటే: "ఆ ఇయర్‌ఫోన్స్ లాగేసుకుంటే సరిపోతుంది కదా సార్." అబ్బాయి మాట ఇంకొకటి: "పాట ఆపితే ఇంట్లో గోలంతా చెవిలోకొస్తుంది సార్."

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే వెంటనే ఏదీ మాన్పించలేదు. రెండు వారాల పాటు అలవాటు ప్రకారమే ఆడమని, గేమ్ మొదలుపెట్టేటప్పుడు ప్లేలిస్ట్‌ను మొదటి పాట నుంచి పెట్టి, మధ్యలో పాట మార్చొద్దని మాత్రం చెప్పాను. గేమ్ అయ్యాక దించుకునే పీజీఎన్ ఫైల్‌లో, అంటే ఎత్తులన్నీ వరసగా ఉండే ఫైల్‌లో, ప్రతి ఎత్తు పక్కనా గడియారం సమయం ఉంటుంది. పాటల నిడివి తెలుసు. రెండూ పక్కపక్కన పెడితే ఏ ఎత్తు ఆడేటప్పుడు ఏ పాటలో ఏ భాగం నడుస్తోందో సుమారుగా తెలిసిపోతుంది. ఎత్తుల విలువ కట్టే చెస్ ప్రోగ్రామ్ (ఇంజిన్) లెక్కలో ఒక్క ఎత్తుతో రెండు బంట్ల విలువకు మించి నష్టపోతే బ్లండర్ అనుకున్నాం. అప్పటికే ఓడిపోయిన పొజిషన్లలో చేసిన తప్పులు లెక్కలోకి తీసుకోలేదు, అవి కలిపితే చిత్రం చెదిరిపోతుంది.

ఆ రెండు వారాల గేముల్లో ఒకటి దగ్గర నుంచి చూడాలి. ఫ్రెంచ్ అడ్వాన్స్ వేరియేషన్. ఈ4 ఈ6, డీ4 డీ5, ఈ5 సీ5, సీ3, గుర్రం సీ6, తెల్లగుర్రం ఎఫ్3, నల్లమంత్రి బీ6, తెల్ల బిషప్ డీ3. ఇక్కడ నల్ల సీ బంటు డీ4ని కొట్టింది, తెల్ల సీ బంటు తిరిగి కొట్టింది. ఇప్పుడు డీ4 బంటు ఊరికే దొరికేటట్టు కనిపిస్తుంది: దాని మీద నల్ల గుర్రం, మంత్రి, రెండు దాడులు, కాపు ఒక్క ఎఫ్3 గుర్రమే, ఎందుకంటే డీ1లో ఉన్న తెల్లమంత్రికి సొంత బిషప్పే అడ్డం. కానీ గుర్రంతో కొట్టి, గుర్రం మార్చుకుని, మంత్రితో డీ4కి వస్తే, బిషప్ బీ5కి పోయి చెక్ చెబుతుంది. దాంతో డీ ఫైల్, అంటే డీ నిలువు వరస, తెరుచుకుని నల్లమంత్రి తెల్లమంత్రికి దొరికిపోతుంది. అందుకే ముందు బిషప్‌ను డీ7లో పెట్టాలి. అప్పుడు బీ5లో చెక్ ఉండదు, డీ4 మీద బెదిరింపు నిజమవుతుంది.

ఈ వల అబ్బాయికి రెండేళ్ల క్రితమే తెలుసు. తన నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసుకున్నాడు కూడా. ఆ రాత్రి 4 సెకన్లలో గుర్రంతో డీ4 బంటును కొట్టాడు. చరణం అయిపోయి పాట మళ్ళీ పల్లవి అందుకునే చోటు అది.

మర్నాడు క్లాసులో అదే పొజిషన్ బోర్డు మీద పెట్టి ఏం ఆడతావని అడిగితే, చెయ్యి ముందు బిషప్ మీదకే పోయింది.

మొదటి ఆలోచన, దాన్ని పరీక్షించిన తీరు

పాట బోర్డును మరిపిస్తోందన్నది మొదటి అనుమానం. అలా అయితే టాక్టిక్స్ పజిల్స్‌లోనూ దెబ్బ కనిపించాలి. ఒకే స్థాయి పజిల్స్ పాటలతో 20, పాటలు లేకుండా 20, వేర్వేరు రోజుల్లో ఒకే వేళకు చేయించాను. దాదాపు తేడా లేదు.

1996లో రాబిన్స్, ఆయన సహచరులు చెస్ ఆటగాళ్ల వర్కింగ్ మెమరీ (పని చేస్తూ మనసులో తాత్కాలికంగా పట్టుకునే జ్ఞాపకం) మీద చేసిన ప్రయోగాలతో ఇది సరిపోతుంది. ఆటగాళ్ల చేత ఒకే మాటను పదేపదే పైకి అనిపిస్తే పొజిషన్ గుర్తుపెట్టుకోవడం, ఎత్తు ఎంచుకోవడం పెద్దగా దెబ్బతినలేదు. చేత్తో కీప్యాడ్ మీద మీటలు వరసగా నొక్కిస్తే దెబ్బతింది. బోర్డు మనసులో బొమ్మగా ఉంటుంది, మాటగా కాదు.

మరి ఆ గుర్రం ఎందుకు కొట్టాడు? పజిల్‌కూ గేమ్‌కూ ఉన్న తేడాలోనే జవాబుంది. పజిల్ తెరిచేటప్పుడే ఇక్కడేదో ఉందని తెలుసు, వెతుకుతాం. గేమ్‌లో ఆ మాట ఎవరూ చెప్పరు, ఆటగాడే తనను తాను అడగాలి. ఎత్తు ఆడబోయే ముందు "చివర్లో వాడికి చెక్ ఉందా? కొట్టుడుందా? ఏం బెదిరిస్తాడు?" అని అడగడం మా క్లాసులో పిల్లలందరికీ నేర్పే అలవాటు. ఈ అబ్బాయి దాన్ని తెలుగులో, మనసులో, మాటలుగానే అంటాడు. అదే సమయంలో తెలిసిన తెలుగు పాట అదే లోపలి గొంతును వాడుకుంటోంది. పాట అతని చూపును ఆపలేదు, ప్రశ్నను మింగేసింది.

లెక్కలు కూడా ఇటే చూపించాయి. బ్లండర్లలో ఎక్కువ శాతం 10 సెకన్ల లోపు ఆడిన ఎత్తులే, అదీ గడియారంలో 8 నిమిషాలకు పైగా మిగిలి ఉండగా. లెక్క తప్పిన బ్లండర్లు తక్కువ. అసలు లెక్కే వేయని బ్లండర్లు ఎక్కువ.

పనిచేయనివి

*మొజార్ట్.* ఇది వాళ్ళ నాన్నగారి ఎంపిక. మొజార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్న ప్రచారానికి మూలం 1993లో నేచర్ పత్రికలో వచ్చిన రాషర్ బృందం ప్రయోగం. అందులో కాలేజీ విద్యార్థులు 10 నిమిషాలు సంగీతం విన్నారు, ఆపారు, ఆ తర్వాతే పరీక్ష రాశారు. కనిపించిన లాభం పావుగంట కూడా నిలవలేదు. పని చేస్తూ వినడం గురించి అది ఏమీ చెప్పలేదు. పైగా ఆ ప్రయోగంలో వాడిన, మొజార్ట్ రెండు పియానోల సొనాటాలో మెల్లగా పోయే చోటు నుంచి ఒక్కసారిగా ధ్వని పెరుగుతుంది. అలాంటి ప్రతి చోటా అబ్బాయి వాల్యూమ్ సరిచేసుకునేవాడు. వారంలో వదిలేశాం.

*కొరియన్ పాటలు.* ఇది అబ్బాయి ఎంపిక. అర్థం కాని భాష కదా, అడ్డురాదని అనుకున్నాడు. ఆలోచన చెడ్డది కాదు. కానీ అర్థం కాకపోయినా మనిషి గొంతు మాటల జ్ఞాపకాన్ని చెదరగొడుతుందని 1976లోనే కోల్, వెల్ష్ చూపించారు. వాళ్ళు ఇంగ్లీష్ మాట్లాడే విద్యార్థులకు జర్మన్ వినిపించారు. మన దగ్గర ఇంకో సంగతి కూడా తోడైంది: పదో రోజుకు పల్లవులు నోటికొచ్చేశాయి.

*వయొలిన్ మీద కృతులు.* ఇది నేనిచ్చిన సలహా, అందరికంటే ఎక్కువ తప్పిన సలహా కూడా. మాటల్లేవు, సాంప్రదాయ సంగీతం, మంద్రంగా ఉంటుంది అనుకున్నాను. మన వాద్య సంగీతంలో కృతిని గాత్రంలా పలికించడమే గొప్ప. సాహిత్యం తెలిసినవాడికి కమాను కదలికలో అక్షరాలే వినిపిస్తాయి. నాలుగేళ్లు గాత్రం నేర్చుకున్న పిల్లవాడికి ఆ వయొలిన్ మాటల్లేని సంగీతం కానే కాదు. గేమ్ ఆడుతుండగా పక్కన కూర్చుని చూసినప్పుడు అసలు విషయం బయటపడింది. ఎడమచెయ్యి తొడ మీద ఆదితాళం వేస్తోంది: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కోదానిలో ఒక దెబ్బ, ఒక తిప్పు. ఎనిమిది అక్షరాలు, తప్పకుండా. అటు మనసులో సాహిత్యం, ఇటు వేళ్ల లెక్క. రాబిన్స్ ప్రయోగంలో దెబ్బతీసింది కూడా వేళ్ల పనే అని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పదిహేను రోజుల్లో బ్లండర్లు సినిమా పాటలప్పటి కంటే తగ్గలేదు.

సంగీతం నేర్చుకున్న పిల్లలకు తెలిసిన కృతి ఏ వాద్యం మీదైనా పెట్టొద్దు. ఈ కేసు ఇచ్చిన మొదటి గట్టి విషయం ఇదే.

*లో-ఫై బీట్స్.* నెమ్మదిగా సాగే వాద్య ట్రాక్‌లు ఇవి. వీటితో కొంత మెరుగు కనిపించింది. గొంతు లేదు, ఊపు ఒక్కలాగే ఉంటుంది. కానీ ట్రాక్‌లు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి. ట్రాక్ మారే చోట ఒక ఖాళీ, మళ్ళీ కొత్త మొదలు. గడియారంతో పోల్చి చూస్తే ట్రాక్ మారిన కొద్ది సెకన్లలోనే ఎత్తు ఆడేయడం చాలాసార్లు కనిపించింది. పాట అయిపోయింది, ఏదో ఒకటి ముగించాలి అన్నట్టు. ఉచిత ఖాతా కాబట్టి మధ్యలో ప్రకటనలు, అవీ తెలుగులో, అవీ రెట్టింపు ధ్వనితో.

*పూర్తి నిశ్శబ్దం.* అమ్మగారి కోరిక ప్రకారం రెండు వారాలు. బ్లండర్లు తగ్గాయి గానీ, గేములు మధ్యలో వదిలేయడం మొదలైంది. ఏమీ వినపడనప్పుడు వచ్చే ఒక్క కుక్కర్ విజిల్ మామూలు కంటే పెద్దగా వినపడుతుంది. చెవిని లాగేది ధ్వని ఎంత ఉందన్నది కాదు, ఎంత మారుతోందన్నది. ఫ్యాన్ గంటలు తిరిగినా పట్టించుకోం, అది ఆగినప్పుడు తల ఎత్తుతాం. పాట ఆపితే ఇంటి గోల చెవిలోకొస్తుందని అబ్బాయి మొదటి రోజే చెప్పాడు. సంగీతం అతనికి సరదా కాదు, గోడ. గోడ తీసేయమనడం కాదు, మాటల్లేని గోడ కట్టివ్వడం మన పని.

పనిచేసింది

మారని ధ్వని కావాలి. అందులో మాట ఉండకూడదు, తాళం ఉండకూడదు, మొదలూ చివరా ఉండకూడదు. ముందు యాప్‌లో దొరికే వాన చప్పుడు, జలపాతం హోరులాంటి బ్రౌన్ నాయిస్ ఇచ్చాం. పని చేశాయి గానీ అబ్బాయికి నచ్చలేదు, 20 నిమిషాలకు తీసేసేవాడు. నచ్చని దాన్ని రోజూ ఎవరూ పెట్టుకోరు, కాబట్టి అదీ పనిచేయనట్టే.

అప్పుడు వచ్చిన ఆలోచన తంబుర శ్రుతి. అందులో రాగం లేదు, సాహిత్యం లేదు, నాలుగు తీగలు ప, స, స, స అని తిరుగుతుంటాయి. పైగా సంగీతం క్లాసులో శ్రుతి పెట్టె మోగిందంటే కుదురుగా కూర్చోవాలని నాలుగేళ్లు అలవాటైన చెవి అది.

మొదటి రెండు రోజులు ఇదీ కుదరలేదు. సర్దుబాట్లు ఇలా జరిగాయి:

యాప్ మామూలు వేగంలో తీగ మీటు గడియారం ముల్లులా వినిపించింది, టైమ్ అయిపోతోందన్న కంగారు పుట్టించింది. వేగం అన్నిటికంటే కిందికి దించి, నాలుగు తీగల చుట్టు ఐదారు సెకన్లు పట్టేలా పెట్టాం. శ్రుతి అతను క్లాసులో పాడిన స్థాయిలోనే మొదలుపెడితే నోరు తనంతట సరళీ స్వరాలు అందుకుంది. అందుకని పాడటానికి వీల్లేని కింది స్థాయికి దించాం. దించితే చిన్న ఇయర్‌ఫోన్స్‌లో మంద్రం వినపడక మీటు టక్కుటక్కులే మిగిలాయి.

అక్కడి నుంచి ఇయర్‌ఫోన్స్ తీసేసి చిన్న స్పీకర్‌కు మారాం. కుర్చీ వెనక ఆరడుగుల దూరంలో, గోడ వైపు తిప్పి. దీనితో కలిసొచ్చినవి మూడు. ల్యాప్‌టాప్ నుంచి ఎత్తు చప్పుడు, టైమ్ తక్కువైందన్న హెచ్చరిక విడిగా వినపడ్డాయి. ఛార్జింగ్ తగ్గిందని బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మధ్యలో మాట్లాడే బాధ పోయింది. చెవుల మీద భారం తగ్గింది. పిల్లలు వినే ధ్వనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) 2019లో చెప్పిన హద్దు 75 డెసిబెల్స్‌కు వారానికి 40 గంటలు. పాటలతో డ్రిల్లింగ్‌ను ముంచాలని చూసే పిల్లలు ఆ హద్దును తెలియకుండానే దాటేస్తారు. మేం పెట్టుకున్న కొలత: పక్క గదిలోంచి మామూలు గొంతుతో పేరు పిలిస్తే వినపడాలి, కానీ టీవీలో మాట ఏమిటో తెలియకూడదు.

శ్రుతి వినిపించడానికి ఇంట్లో పడున్న పాత ఫోన్ వాడాం. సిమ్ తీసేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైరుతో స్పీకర్‌కు కలిపాం. ప్రకటనలు లేవు, కాల్స్ లేవు. రికార్డు చేసిన ఫైల్ కంటే అప్పటికప్పుడు ధ్వని పుట్టించే యాప్ మేలు. ఫైల్ చివర్లో తిరిగి మొదలయ్యే చోట చిన్న తెగు వినపడుతుంది, ఒకసారి విన్న చెవి ఆ తెగు కోసం ఎదురు చూస్తుంది.

సినిమా పాటలు పూర్తిగా తీసేయలేదు, గేమ్ మొదలయ్యే ముందు వినేలా మార్చాం. హుషారుగా, ఆహ్లాదంగా ఉండే సంగీతం మనసును, ఉత్సాహాన్ని లేపుతుందని, మొజార్ట్ ఫలితం వెనక ఉన్నది అదేనని 2001లో థాంప్సన్, షెల్లెన్‌బర్గ్, హుసేన్ చూపించారు. అలాంటప్పుడు ఇష్టమైన పాటే విననివ్వాలి. రెండు పాటలు, పూర్తిగా. సగంలో ఆపిన పాట తలలో తిరుగుతూనే ఉంటుంది. తర్వాత ఐదు నిమిషాలు రెండు ఎత్తుల్లో మేట్ పజిల్స్. ఆ తర్వాత శ్రుతి పెట్టి గేమ్.

ఇంకో మార్పు: చెక్, కొట్టుడు, బెదిరింపు అన్న ప్రశ్నను మొదటి వారం పైకే, పెదవులు కదిలేలా అనమన్నాను. గది తలుపు వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఈ అలవాటు పాటల కాలంలోనే తెగిపోయింది. సంగీతం మార్చినంత మాత్రాన అది తనంతట తిరిగి రాదు.

నెల రోజుల్లో 10 సెకన్ల లోపు బ్లండర్లు సగానికి పైగా తగ్గాయి, రేటింగ్ పాత చోటికి చేరింది. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. అదే నెలలో పరీక్షల వల్ల రాత్రి పదిన్నర గేములు ఆగిపోయి, సాయంత్రం ఏడుకు మారాయి. మెరుగులో నిద్ర వాటా ఎంత, శ్రుతి వాటా ఎంత అని విడదీయడానికి తర్వాత ఒక వారం సాయంత్రం వేళే మళ్ళీ సినిమా పాటలతో ఆడించాను. తొందరపాటు ఎత్తులు తిరిగొచ్చాయి, మునుపటంత కాదు. అంటే నిద్రకూ వాటా ఉంది.

బ్లిట్జ్ సంగతి

3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు అదనం ఉండే బ్లిట్జ్ గేముల్లో ఏ సంగీతం పెట్టినా, మానినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ ప్రశ్న అడిగేంత వ్యవధి ఎలాగూ లేదు, ఆట నడిచేది అలవాటైన ఆకృతుల మీద. ఆదివారం గంటసేపు బ్లిట్జ్, పాటలు తన ఇష్టం అని వదిలేశాం. ర్యాపిడ్ మీద పెట్టిన నియమం నిలవడానికి ఈ వదులు కూడా తోడ్పడింది.

టోర్నమెంట్ హాలుకు

బోర్డు ముందు కూర్చుని ఆడే టోర్నమెంట్‌లో ఇదేదీ ఉండదు. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమాల్లో 11.3 ప్రకారం ఆర్బిటర్, అంటే ఆట నిర్ణేత, ఒప్పుకోని ఏ ఎలక్ట్రానిక్ వస్తువూ ఆటగాడి దగ్గర ఉండకూడదు. దొరికితే, ఆ టోర్నమెంట్ ప్రకటనలో తక్కువ శిక్ష రాసి ఉంటే తప్ప, గేమ్ పోయినట్టే. ఇయర్‌ఫోన్స్ జేబులో ఉన్నా ప్రమాదమే. బహుమతులున్న ఆన్‌లైన్ పోటీల నియమాలు వేరుగా ఉంటాయి, కెమెరా పెట్టేచోట స్పీకర్ సంగతి ముందే రాసి అడగాలి.

ధ్వనికి అలవాటు పడ్డ ఆట, అది లేనిచోట తడబడుతుంది. 1975లో గాడెన్, బ్యాడ్లీ డైవర్లతో చేసిన ప్రయోగంలో నీళ్లలో నేర్చుకున్న మాటలు నీళ్లలోనే బాగా గుర్తొచ్చాయి, ఒడ్డున నేర్చుకున్నవి ఒడ్డున. అందుకే ఓపెనింగ్ చదువు మొదటి నుంచీ శ్రుతి లేకుండానే చేయించాం. పోటీకి మూడు వారాల ముందు నుంచి శ్రుతి ధ్వని రెండు రోజులకొక మెట్టు దించుతూ వచ్చాం. చివరి పది రోజులు అసలు లేదు.

ఆ పది రోజులూ ఆడిన చోట్లు మార్చాం: గ్రంథాలయం, అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర, పెళ్లిళ్ల హాలు వరండా. మన దగ్గర ఓపెన్ టోర్నమెంట్లు ఎక్కువగా ఫంక్షన్ హాళ్లలో, బడి ఆడిటోరియాల్లో జరుగుతాయి. పెద్ద ఫ్యాన్ల హోరు, మైకులో జత నంబర్లు, తలుపు బయట తల్లిదండ్రుల మాటలు మామూలే. ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ బొత్విన్నిక్ తన శిక్షణ గేముల్లో రేడియో పెట్టించుకుని, ఎదుట ఆడే గ్రాండ్‌మాస్టర్ రాగోజిన్ చేత పొగ ఊదించుకుని ఆడింది ఇందుకే. పొగ అక్కర్లేదు గానీ, ఆ పద్ధతి పిల్లల చేత చేయించదగ్గదే.

పోటీలో మొదటి రెండు రౌండ్లలో అబ్బాయి ఇబ్బంది పడ్డాడు. మైకు మోగినప్పుడల్లా తల ఎత్తాడు. మూడో రౌండ్ నుంచి చెవుల మీద అరచేతులు పెట్టుకుని ఆలోచించడం తనే కనిపెట్టాడు. దానికి ఏ నియమమూ అడ్డురాదు.

ఇంకో విద్యార్థి వస్తే ఏం అడగాలి

ఏ సంగీతం అన్నది నాలుగో ప్రశ్న. అంతకంటే ముందు మూడున్నాయి. ఇంట్లో ఏ ధ్వనిని ముంచడానికి పాట పెడుతున్నాడు? సంగీతం నేర్చుకున్నాడా, నేర్చుకుంటే ఏ కృతులు వచ్చు? ఎత్తు ముందు తనను తాను ప్రశ్నించేది మాటలతోనా, బోర్డు మీద చూపుతోనా? మూడోదానికి పిల్లలు సరిగా చెప్పలేరు. పొజిషన్ ఇచ్చి పైకి ఆలోచించమంటే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. కొందరు మాటలు వెతుక్కుంటారు, కొందరి వేలు గళ్ల మీద కదులుతుంది. రెండో రకం పిల్లలకు పాట వల్ల ఇంత నష్టం ఉండకపోవచ్చు. అలాంటి పిల్లవాడి లెక్కలు రెండు వారాలు చూడకుండా పాట మాన్పించకూడదు.

శ్రుతి అందరికీ కుదిరేది కాదు. సంగీతం పరిచయం లేని ఇద్దరు విద్యార్థులకు ఇదే అమరిక ఇస్తే, తంబుర మోత గుళ్లో కూర్చున్నట్టుందని ఒకరు, నిద్రొస్తోందని ఇంకొకరు తిప్పిచ్చారు. ఒకరికి వాన చప్పుడు సరిపోయింది. రెండో అమ్మాయికి ఏ యాప్ కూడా అవసరం లేకపోయింది: ఇంట్లో ఉన్న టేబుల్ ఫ్యాన్‌ను గోడ వైపు తిప్పి, రెండో నంబర్‌లో పెట్టుకుని ఆడుతోంది.